స్వతంత్ర పార్టీ

భారతదేశమున ఆర్థిక స్వాతంత్ర్యమును, నిర్బంధములేని విపణిని ప్రధానాశయములుగ ప్రకటించుకొని 1959 మొదలు 1974 వరకు జీవించిన రాజకీయ పక్షము. స్థాపకుడు చక్రవర్తి రాజగోపాలాచారి (రాజాజీ). ప్రథమాధ్యక్షుడు నిడుబ్రోలు వాస్తవ్యుడైన ఆచార్య ఎన్.జి. రంగా. ఎన్నికల గుర్తు నక్షత్రము.

1951 నాటి పరిశ్రమల అభివృద్ధి, నియంత్రణ చట్టముచే కర్మాగారము నెలకొల్పుటకును, ఉన్నదానిని విస్తరించుటకును ప్రభుత్వపు లైసెన్సు ఆవశ్యకమయ్యెను. రెండవ పంచవర్ష ప్రణాళికను పరిశీలించిన ఆర్థికవేత్తల మండలిలో బి.ఆర్. షెనాయ్ ఒక్కడే 1955లో అసమ్మతి పత్రము వ్రాసి, లోటు బడ్జెట్టువలన ధరలు పెరుగునని హెచ్చరించెను. మరుసటి యేట బొంబాయిలో ఎ.డి. ష్రాఫ్ ఫోరం ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్ సంస్థను స్థాపించెను. మద్రాసున తెలుగువాడగు ఖాసా సుబ్బారావు ఆరంభించిన 'స్వరాజ్య' ఆంగ్ల వారపత్రిక రాజాజీ లేఖినికి వేదికయయ్యెను.

అయినను ఇవి విద్యావంతుల చర్చలుగనే మిగిలియుండెడివి. వాటికి ఒక పక్షరూపము నొసగినది విపణి సిద్ధాంతము కాదు, భూమి. 1959 జనవరిలో నాగపూరు కాంగ్రెసు మహాసభ ఉమ్మడి సహకార వ్యవసాయమును లక్ష్యముగ తీర్మానింపగా, గట్టు చెరిపివేసినచో తన పొలమేదో తనకే తెలియకుండునని వెరచిన రైతునకు అండగ, తొలినాళ్లలో జమీందారీ రైతుల పక్షమున పోరాడిన రంగా కాంగ్రెసును వీడి వచ్చెను. జూన్ 4న మద్రాసున పక్షావతరణము ప్రకటితమయ్యెను. అప్పటికి రాజాజీ వయస్సు ఎనుబది యేండ్లు. నియంత్రణలయెడ ఆయనకుగల వైముఖ్యము వార్ధక్యమున పుట్టినది కాదు. ఆంధ్రప్రాంతము ఇంకను మద్రాసు రాష్ట్రముననే యున్న 1952లో, ముఖ్యమంత్రిగ ఆహారధాన్యముల రేషనింగును ఎత్తివేసిన అనుభవము ఆయనకు కలదు. 'పర్మిట్టు-లైసెన్సు-కోటా రాజ్యము' అను ఆయన పదబంధము పార్టీకంటెను దీర్ఘాయువును పొందినది. ప్రధాన కార్యదర్శి మినూ మసానీ ఒకప్పుడు కాంగ్రెసు సోషలిస్టు పార్టీ స్థాపకులలో నొకడు.

పార్టీ బలమును, బలహీనతయు ఒక్కచోటనే యుండెను. ఒరిస్సాలో, రాజస్థానములో మాజీ సంస్థానాధీశులు వోట్లు తెచ్చిరి. 1962లో జయపూరు మహారాణి గాయత్రీదేవి అత్యధికమైన ఆధిక్యముతో గెలిచెను. కాని వంశపారంపర్యాధికారమునకు అలవాటుపడినవారు పోటీవిపణిని కీర్తించుట సామాన్యునకు విడ్డూరముగనే తోచియుండును. అదే యెన్నికలో రంగా స్వంత సీమయగు తెనాలిలో కమ్యూనిస్టు అభ్యర్థిచేతిలో ఓడి, పిదప చిత్తూరు ఉపయెన్నికలో గెలిచెను.

లోక్‌సభలో పార్టీ స్థానములు 1962లో 18, 1967లో 44. ఆంధ్రప్రదేశ్ శాసనసభలోను 1967లో 29 స్థానములు లభించెను, ఒరిస్సాలో ఆర్.ఎన్. సింగ్‌దేవ్ ముఖ్యమంత్రి యయ్యెను. 1971లో లోక్‌సభ స్థానములు 8కి పడిపోయెను. 1972 డిసెంబరు 25న రాజాజీ గతించెను. 1974లో పార్టీ భారతీయ లోక్‌దళ్‌లో విలీనమయ్యెను. రంగా మరల కాంగ్రెసులో చేరెను.

పదునెనిమిది పరిశ్రమలకు తప్ప తక్కిన వాటికి లైసెన్సును రద్దుచేసిన విధాన ప్రకటన 1991 జూలై 24న వెలువడినది. వెలువరించినది కాంగ్రెసు ప్రభుత్వము, ప్రధాని పి.వి. నరసింహారావు, పరిశ్రమల శాఖయు ఆయన చేతనే యుండెను.