స్థూలకాయమునకు శస్త్రచికిత్స: డెబ్బది ఏండ్ల చరిత్ర

సెంట్రల్ స్టేషనులో రైలు దిగి బయటకు వచ్చినవారికి రోడ్డుకు అవతల జనరల్ ఆసుపత్రి కనబడుతుంది. 1664లో కోటలో మొదలై, 1772 నుండి ఇప్పటి చోట ఉన్న ఆ ఆసుపత్రికి నెల్లూరు, చిత్తూరు వైపుల నుండి రోగులను తెచ్చుకొన్న తెలుగు కుటుంబములు ఎన్నో. ఆ ప్రక్కనే 1835లో స్థాపించిన మదరాసు వైద్య కళాశాల ఉన్నది. మేము చెప్పబోవు చరిత్రకు ఆ కళాశాలలో చదివిన ఒక తెలుగువానితో సంబంధము కలదు.

మేము వైద్యులము కాము. మెట్రిక్‌తో చదువు ముగించి రైల్వేలో గుమాస్తాగిరి చేయుచున్నవారము. మా కచేరీలోని మిత్రులొకరు ఒళ్ళు విపరీతముగా పెరిగి, మెట్లెక్కలేని స్థితికి వచ్చినారు. పంక్తిలో కూర్చుంటే నవ్వుతారని పెండ్లిండ్లకు పోవడము కూడ మానినారు. వైద్యులు వారికి శస్త్రచికిత్స సూచించినారు. “అది తిండి మానలేనివారికి గాని మనకెందుకు?” అని కొందరు, “కొవ్వు కోసి తీసివేస్తారు, పీడ వదులుతుంది” అని కొందరు సలహాలిచ్చినారు. ఈ రెండు మాటలును తప్పే. ఆ మిత్రుని కొరకు చదివి తెలిసికొన్నదానిని సోదర సభ్యులకు మనవి చేయుచున్నాము.

స్థూలుని నిందించడము క్రొత్త కాదు. చరకుడు నిందితులని చెప్పిన ఎనమండుగురిలో అతిస్థూలుడు ఒకడు. కాని ఆ చరకుడే, మేదస్సు దారులు మూయగా వాయువు కడుపులో చేరి అగ్నిని రగిలించునని, అందువలన ఆ మనిషికి ఆకలి మిక్కుటమగునని కారణము కూడ చెప్పినాడు. ఆకలియే రోగములో భాగమన్నమాట. ఈ రెండవ మాటను లోకము మరచినది.

కత్తి పట్టినవారి కథ 1954లో అమెరికాలోని మిన్నెసోటాలో పైకి వచ్చినది. క్రెమెన్, లిన్నర్ మొదలైన వైద్యులు చిన్న ప్రేగులో చాల భాగమును ప్రక్కకు తప్పించి, పై కొసను క్రింది కొసకు దగ్గరగా కలిపే పద్ధతిని ప్రకటించినారు. తిన్నది ఒంటబట్టదు గనుక బరువు తగ్గినది. దానితోపాటే విరేచనములు, మూత్రపిండములలో రాళ్ళు, కొందరికి కాలేయము చెడిపోవడము వచ్చినవి. పెక్కుమందికి ప్రేగును మరల యథాప్రకారము కలుపవలసి వచ్చినది. చివరకు ఆ పద్ధతినే వదలిపెట్టినారు.

తిన్నది ఒంటబట్టకపోతే ఏమగునో తెలుగువారికి బాగుగా తెలుసు. 1895లో భీమవరములో పుట్టి మదరాసు వైద్య కళాశాలలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరుడు పురుషోత్తంగారు స్ప్రూ అను అటువంటి వ్యాధితోనే పోయినారు. అదే వ్యాధి సుబ్బారావుగారికి రాగా ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద వైద్యముతో బ్రతికినారు. 1923లో అమెరికాకు వెళ్ళిన ఆయన, లెడర్లీ ప్రయోగశాలలో తన బృందముతో 1945 నాటికి ఫోలిక్ ఆమ్లమును తయారు చేయించినారు. స్ప్రూ రోగుల రక్తహీనతకు అది మందయినది. అటువంటి స్థితినే తొమ్మిదేండ్ల తరువాత శస్త్రవైద్యులు కావాలని తెచ్చిపెట్టవలసి వచ్చినది!

మేలైన దారి 1966లో దొరికినది. అయోవా విశ్వవిద్యాలయములో ఎడ్వర్డ్ మేసన్, పుండు వలన జీర్ణాశయములో భాగము తీయించుకొన్నవారు తిరిగి ఒళ్ళు చేయకపోవడము గమనించి, ఇటో అను వైద్యునితో కలసి జీర్ణాశయమును చిన్న సంచిగా చేసి ప్రేగుకు కలిపినాడు. దీనినే గాస్ట్రిక్ బైపాస్ అంటారు. 1990 తరువాత చిన్న రంధ్రముల గుండా కెమెరా దింపి చేయడము వచ్చినది. ఇప్పుడు ఎక్కువగా చేయునది స్లీవ్ పద్ధతి. ఇందులో జీర్ణాశయములో సుమారు ముప్పాతిక భాగము తీసివేసి, మిగిలినదానిని గొట్టమువలె కుడతారు. ఏ పద్ధతిలోను ఒంటి కొవ్వును కోయరు.

1995లో వాల్టర్ పోరీస్ అను అమెరికా వైద్యుడు, బైపాస్ అయిన మధుమేహ రోగులలో పెక్కుమందికి చక్కెర అదుపులోనికి వచ్చినదని ప్రకటించినాడు. బరువు తగ్గకముందే, కొద్ది రోజులలోనే చక్కెర దిగడము విశేషము. 1999లో జపానువారు జీర్ణాశయమునుండి పుట్టి ఆకలి రేపే గ్రెలిన్ అను రసమును కనుగొన్నారు. ఆకలి మనిషి బుద్ధిలో మాత్రమే లేదని తేలినది.

మధుమేహము మన నగరానికి పరాయిది కాదు. 1948లో స్టాన్లీ ఆసుపత్రిలో డాక్టర్ ఎం. విశ్వనాథన్ దానికై ప్రత్యేక వైద్యశాల ప్రారంభించినారు. చెన్నైలోని మదరాసు డయాబెటిస్ రీసెర్చి ఫౌండేషన్ పాల్గొన్న సర్వే 2023లో దేశములో 10 కోట్ల పైచిలుకు మధుమేహ రోగులున్నారని తేల్చినది.

ఇక ఈ చికిత్స ఎవరికి? బరువు కిలోలను ఎత్తు మీటర్ల వర్గముతో భాగించగా వచ్చు సంఖ్య కొలత. 1991లో అమెరికాలో పెట్టిన హద్దు 40. మధుమేహాది జబ్బులుంటే 35. 165 సెంటీమీటర్ల మనిషికి 40 అనగా సుమారు 109 కిలోలు. 2022లో వైద్య సంఘములు దానిని 35కు దించినవి. ఆసియా వారికి తక్కువ బరువుకే జబ్బులు వచ్చును గనుక 27.5 నుండే ఆలోచింపవచ్చునన్నవి. ఇది ఆలోచనకు హద్దే గాని ఆజ్ఞ కాదు. 2025 నుండి క్రొత్త సూదిమందులు కూడ మన దేశములో దొరకుచున్నవి.

అపాయము లేదనరాదు. 2024 ఏప్రిల్‌లో చెన్నైలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఈ చికిత్సకు వెళ్ళిన యువకుడు మరణించగా ప్రభుత్వము విచారణ జరిపించినది. కావున ప్రకటన చూచి పరుగెత్తక, ఆ వైద్యుడు ఇట్టివి ఎన్ని చేసినాడో, ఆసుపత్రిలో అత్యవసర చికిత్సకు ఏర్పాట్లున్నవో లేవో, తరువాత ఎన్నేండ్లు చూస్తారో ముందుగా అడుగవలెను. ఆపరేషను ఒకనాటిది, ఆ తరువాతి నియమము జీవితాంతము. కొద్దికొద్దిగా తినడము, రక్తపరీక్షలు, ఇనుము, కాల్షియము, బి12 మాత్రలు తప్పవు. అవసరమును బట్టి సుబ్బారావుగారి ఫోలిక్ ఆమ్లము కూడ ఇస్తారు.

మా మిత్రులు ఇంకను నిర్ణయించుకొనలేదు. ఏది నిశ్చయించుకొన్నను అది వారి ఇష్టము. ఈ ఉగాది పంక్తిలో వారు, వారివంటివారు కూర్చున్నప్పుడు విస్తరిలోని బొబ్బట్లు లెక్కపెట్టకుండుట మాత్రము మన చేతిలో ఉన్నది. సభ్యులందరికి నూతన సంవత్సర శుభాకాంక్షలు.