చందమామ వెనుక మనిషి
కొడవటిగంటి కుటుంబరావు బాలసాహిత్య కృషి

మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దిన వారు పాతతరంలో లెక్కకు మించి వున్నారు. అక్కడి భూమిలో పొరలు పొరలుగా దొరికే రాతిని చీల్చి, కోసి, నునుపు చేసి, కొయ్యచట్రం బిగించి దూరదూరపు బడులకు పంపేవారు. ఎక్కడెక్కడి పిల్లలో ఆ పలకల మీద ఓనమాలు దిద్దుకుంటూ వుంటే, పలకలు తయారయ్యే చోట మాత్రం బడికి పోవలసిన బిడ్డలే కూలికి కూర్చునేవారు. పలక చేసిన చేతికి బలపం అందలేదు. బాలసాహిత్యాన్ని గురించి ఆలోచించేవారు ముందుగా ఈ వాస్తవాన్ని గుర్తుంచుకోవాలి. వెలిగండ్ల, కనిగిరి, గిద్దలూరు వైపు మెట్టపల్లెలలో వానకోసం ఎదురుచూసే కూలివాని బిడ్డా, పట్నంలో ఉద్యోగి బిడ్డా ఒకే బాల్యాన్ని అనుభవించటం లేదు. అయితే కథ అంటే చెవి కోసుకోవటం ఇద్దరికీ ఒకటే.

ఈ దృష్టితో పరిశీలించదగిన రచయిత కొడవటిగంటి కుటుంబరావు. ఆయన మార్క్సిస్టు, హేతువాది. మధ్యతరగతి జీవితంలోని కపటాన్ని నిర్దాక్షిణ్యంగా విప్పి చూపిన కథకుడు. అటువంటి మనిషి 1952 జనవరి నుంచి 1980 ఆగస్టు 17న కన్నుమూసే వరకు, అంటే ఇరవై ఎనిమిది సంవత్సరాలకు పైగా, 'చందమామ'లో రాజులను, రాక్షసులను, బేతాళులను గురించిన కథలు తీర్చిదిద్దుతూ కూర్చున్నారు. ఇది పొట్టకూటి కోసం చేసిన పనేనా? లేక ఆయన విశ్వాసాలకూ ఈ పనికీ లోలోపల సంబంధం వున్నదా? ఈ ప్రశ్నను దాటవేస్తే కుటుంబరావును సగమే చదివినట్లు.

ఆయన 1909 అక్టోబరు 28న తెనాలిలో పుట్టారు. 1914లో తండ్రి, 1920లో తల్లి పోయారు. మేనమామ ఇంట పెరిగారు. పల్లెటూరి జీవితాన్ని దగ్గరగా చూశారు. పదకొండేళ్లకే పెద్దదిక్కు కోల్పోయిన బిడ్డకు లోకం ఎలా కనిపిస్తుందో ఆయనకు వేరొకరు చెప్పవలసిన అవసరం లేదు. అన్న వెంకటసుబ్బయ్య స్వయంగా రచయిత. పాశ్చాత్య సాహిత్యం కుటుంబరావుకు పరిచయమయింది ఆయన ద్వారానే. గుంటూరులో ఇంటర్మీడియేటు, విజయనగరంలో భౌతికశాస్త్రంతో బి.ఏ. ముగించి, 1929లో ఎం.ఎస్‌సి. కోసం కాశీ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. ప్రపంచాన్ని కమ్ముకున్న ఆర్థిక మాంద్యం ఆ చదువును మధ్యలోనే తుంచివేసింది.

ఈ రెండు అనుభవాలే ఆయన సృజనకు మూలకందాలని నా అభిప్రాయం. ఒకటి, కార్యకారణ సంబంధాన్ని వెతికే శాస్త్రదృష్టి. రెండవది, చదువుకూ బతుకుకూ మధ్య వున్న అగాధాన్ని స్వయంగా కొలిచి చూడటం. 'చదువు' నవలలో సుందరం అనే కుర్రవానిని అక్షరాభ్యాసం నాటినుంచి అనుసరిస్తూ, మన విద్య బిడ్డకు ఏమి ఇస్తున్నది, ఏమి కాజేస్తున్నది అని ఆయన లెక్క చూశారు. పెద్దలకోసం రాసిన నవలలో వేసిన ఈ ప్రశ్నకు పిల్లలకోసం చేసిన కృషిలో కొంత సమాధానం వున్నది. బడి చదువు బిడ్డ నోట మాటలు కుక్కుతుంది. కథ బిడ్డచేత మాటలు వెతికిస్తుంది.

'చందమామ'ను నాగిరెడ్డి, చక్రపాణి గార్లు 1947 జూలైలో మద్రాసులో తెలుగు, తమిళ భాషలలో ప్రారంభించారు. తరువాత అది మరెన్నో భాషలకు పాకింది. కుటుంబరావు అందులో తన పేరు వేసుకోకుండానే పుటలకు పుటలు రాశారు. ఇతరులు పంపిన కథలను తిరగరాశారు. రామాయణ భారతాలు, జాతక కథలు, కథాసరిత్సాగరం, అరేబియా కథలు, గ్రీకు గాథలు ఆయన చేతిమీదుగా తేట తెలుగులోకి దిగాయి. దాసరి సుబ్రహ్మణ్యం రాసిన 'తోకచుక్క' వంటి సాహస ధారావాహికలు, చిత్రా, శంకర్ వంటివారి బొమ్మలు దానికి తోడయినవి. సమాసాల బరువు లేని చిన్న వాక్యం, సంఘటన వెంట సంఘటన, అనవసరమైన విశేషణం లేకపోవటం - ఇదీ ఆ పత్రిక భాష. వ్యావహారిక భాషోద్యమం పండితసభలలో గెలిచిన దానిని ఈ చిన్న పత్రిక ఇంటింటా నిలబెట్టిందంటే అతిశయోక్తి కాదు.

ఇక వస్తువు సంగతి. జానపద కథ రాజుగారి ఆస్థానంలో పుట్టినది కాదు. అందులో రాజు వుంటాడు నిజమే. కాని ఆ రాజును బోల్తా కొట్టించేది గొర్రెలకాపరి. అన్నలు తీసిపారేసిన చిన్నవాడే చివరకు నెగ్గేవాడు. పిసినారి షావుకారు నవ్వులపాలవుతాడు. అధికారం లేని ప్రజలు ఊహలో సాధించుకున్న న్యాయం ఇది. గుణాఢ్యుడు బృహత్కథను పండితులు చిన్నచూపు చూసిన పైశాచీ భాషలో చెప్పాడంటారు. పదకొండవ శతాబ్దంలో కాశ్మీరానికి చెందిన సోమదేవుడు దానినుండి వచ్చిన సంపదనే సంస్కృతంలో కథాసరిత్సాగరంగా కూర్చాడు. ప్రజల సొత్తు పండితుల పెట్టెలోకి పోయింది. దానిని మళ్లీ ప్రజల పిల్లలకు అందజేయటం అభివృద్ధి నిరోధకం ఎలా అవుతుంది?

బేతాళ కథలను చూడండి. మూలంలో వున్నవి ఇరవై అయిదే. 'చందమామ' ఆ చట్రాన్ని నిలుపుకొని, దశాబ్దాల తరబడి కొత్త చిక్కుముడులను అందులో బిగించింది. కథ ముగిసేచోట ప్రశ్న వస్తుంది. విక్రమార్కుని జవాబు చదివేలోగా బిడ్డ తన జవాబు తాను వెతుక్కుంటాడు. ఆ జవాబుకు ఆధారం శాస్త్రవచనం కాదు, దైవాజ్ఞ కాదు, పాత్రల ప్రవర్తనలోని కారణం. శవం మాట్లాడటం అబద్ధమని బిడ్డకు తెలుసు. తర్కం నిజమని కూడా తెలుస్తుంది. భౌతికశాస్త్ర విద్యార్థి ఇక్కడ దాగివున్నాడు.

ఇటువంటి కృషి మనదేశంలోనే జరగలేదు. జపాను పాలన కింద నలుగుతున్న కొరియాలో బాంగ్ జంగ్‌హ్వాన్ (1899-1931) ముందు ప్రపంచ కథలను తన భాషలో తిరిగి చెప్పి, 1923లో 'ఓరిని' అనే పిల్లల పత్రికను నెలకొల్పాడు. 'ఓరిని' అంటే బిడ్డ. చులకనగా కాక గౌరవంగా పిలిచే మాట. ఆ మాటను ప్రచారంలోకి తెచ్చినవాడు ఆయనే. బిడ్డలను మనుషులుగా గౌరవించటం, వారి భాషలో వారికి కథ చెప్పటం పరాధీన జాతికి ఆత్మరక్షణ అని ఆయన గ్రహించాడు. ఆయన ముప్పైరెండేళ్లు నిండకుండానే పోయాడు. కుటుంబరావుకు ఎక్కువ కాలం దక్కింది. కాని ఇద్దరి పనిముట్టూ ఒకటే: పత్రిక, పునఃకథనం, తేటభాష.

కుటుంబరావు కృషికి పరిమితులు లేవని చెప్పటం ఆయనకే ఇష్టంకాని పని. 'చందమామ' ప్రైవేటు సంస్థ. అందులో యజమానుల అభిరుచికి, అమ్మకానికి లోబడక తప్పదు. మంచి రాజు వస్తే కష్టాలు తీరుతాయనే భ్రమ ఆ కథలలో చాలాచోట్ల మిగిలేవున్నది. కులం పేరు చెప్పి బిడ్డను దూరంగా కూర్చోబెట్టే బడి, పలకల పనిలో కూర్చున్న బిడ్డ ఆ పుటలలోకి రాలేదు. 1943లో అభ్యుదయ రచయితల సంఘం తొలి మహాసభ జరిగింది ఆయన పుట్టిన తెనాలిలోనే. ఆ ఉద్యమం పెద్దల సాహిత్యంలో తెచ్చిన మార్పు బాలసాహిత్యంలో రాలేదు. ఆ లోపం కుటుంబరావు ఒక్కరిదే కాదు, మనందరిదీ. ఆయనను విమర్శించిన మనలో ఎందరం పిల్లల కోసం ఒక్క కథ రాశాము?

2013 నాటికి 'చందమామ' ఆగిపోయింది. మార్కాపురం పలకకు కూడా గిరాకీ పడిపోయింది. పలక పోయినా బిడ్డ వున్నాడు. వెలిగండ్ల బడిలో పనిచేసే ఉపాధ్యాయుడు ఆ ఊరి ముసలమ్మ చెప్పే కథను పిల్లల చేతనే రాయించి, చివర ఒక్క ప్రశ్న వేసి వదిలిపెడితే చాలు. కుటుంబరావు వదిలిపోయిన పని అక్కడ తిరిగి మొదలవుతుంది. అయితే ఈసారి ఆ కథలో రాజుతోబాటు రాయి కొట్టే మనిషి కూడా వుండాలి. ఆ కథ కింద దానిని రాసిన బిడ్డ పేరు వుండాలి.