చేతిల చెప్పులు

మా తాత కుట్టిన చెప్పులు కిర్రుకిర్రుమని మోగేటియి. లందల తోలు నానబెట్టి, సున్నంతోని బొచ్చు రాల్చి, తంగేడు చెక్కతోని పదును జేసి, రంపెతోని కోసి, ఆరెతోని కుట్టేటోడు. దొరకు వెట్టికి, రైతులకు పంట మీద ఇచ్చే గింజలకు. ఊరందరి కాళ్లకు ఆయన చెప్పులే. గడి ముందట్నుంచి పోవాల్నంటే మాత్రం తను కుట్టుకున్న చెప్పులు తనే ఇడిసి చేతిల పట్టుకోవాలె. తల రుమాలు తీసి చంకల పెట్టుకోవాలె. ఇది మా ఒక్క ఊరి ముచ్చట కాదు, నిజాం కాలం తెలంగాణల ఏ గడి ముందటైనా ఇదే నడక. సాయుధ పోరాటం మీద పుస్తకాలు మస్తుగొచ్చినయి. భూమి సంగతి, వెట్టి సంగతి పేజీలకు పేజీలు. చెప్పుల సంగతి ఒక్క వాక్యంల ఒడుస్తది.

మా అవ్వ చీర మోకాళ్లు దాటి దిగకపోయేది. చాకలోళ్లు మా బట్టలు ముట్టరు. చవుడు మన్నుతోని ఉతుక్కునేది. అయినా మురికోళ్లమన్న పేరు మాకే. 1927 డిసెంబర్ల మహద్ సభల అంబేద్కర్ అంటరాని ఆడోళ్లతోని, పెద్దకులపోళ్ల లెక్క చీర నిండుగ కట్టుండ్రి, కులం పట్టిచ్చే నగలు తీసేయుండ్రి అని చెప్పిండు. ఆయన సూటు చూసి ఎగతాళి చేసినోళ్లు చానమంది. 1921ల గాంధీ అంగీ ఇడిస్తే త్యాగమన్నరు. మా తాతకు ఇడిసేటందుకు అంగీనే లేకపాయె.

నాయిన వరంగల్ వచ్చి ఆజంజాహి మిల్లుల చేరిండు. 1934ల నిజాం పెట్టించిన మిల్లు అది, ఇప్పుడు లేదు. మొదటి జీతంతోని తెల్ల పైజామ, కమీజు కుట్టించుకున్నడు. ఇస్త్రీ పెట్టె యాడిది? ఇత్తడి చెంబుల నిప్పులు పోసి రుద్దేటోడు. దసరాకు ఆ బట్టలతోని, కాళ్లకు చెప్పులతోని గడి ముందట్నుంచి నడిచిండు. దొర హైదరాబాదుకు పోయి అప్పటికే ఏండ్లయింది, గడికి తాళం. అయినా మా తాత ఎనక ఉరుక్కుంట వచ్చి "చెప్పులిడువురా కొడుకా, ఇడువు" అని మొత్తుకున్నడట. నాయిన ఇడువలే. మూడు నెలలు తండ్రీకొడుకులకు మాటల్లేవు.

మేం హన్మకొండల కాలేజికొచ్చే సరికి బెల్‌బాటమ్‌ల జమాన. స్కాలర్షిప్ పైసలతోని నేనూ ఒకటి కుట్టిస్తే, పాఠం చెప్పే సారొకాయన క్లాసులనే "సర్కారు సొమ్ము, సోకులు వీళ్లయి" అన్నడు. అందరు నవ్విన్రు. ఆ ప్యాంటు మళ్ల తొడగలే. అటెనుక కొన్నేండ్లకు చుండూరు. సినిమా హాల్ల కాలు తగిలిందన్న కాడ మొదలైన పంచాది, 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపేదాక పోయింది. చదువుకొని, సాటి మనిషి లెక్క కుర్చీల కూసున్న పోరగాండ్లను చూసి ఓర్వలేకపాయిరి. నాకు ఆ క్లాసు నవ్వు యాదికొచ్చింది.

2019ల నా కొడుకు రెండు వేలు పెట్టి మోకాళ్ల కాడ చినిగిన జీన్సు కొనుక్కొచ్చిండు. నాయిన ఏం అనలే. రాత్రి వాడు పన్నంక అద్దాలు పెట్టుకొని, సూది దారంతోని ఆ చినుగులు రెండూ కుట్టిండు. దగ్గర దగ్గర కుట్లు, మా తాత చెప్పులకేసినట్టే.

పొద్దుగాల ఇల్లంత లొల్లి.

"తాతా, ప్యాంటు ఖరాబు చేసినవ్!"

"చినిగిన బట్టల్నే మా అయ్య సచ్చిండురా. పైసలిచ్చి కొంటవా దాన్ని?"

"నన్ను చూసి ఇప్పుడెవడు ఏమంటడు తాతా?"

నాయిన నా దిక్కు చూసిండు, చెప్పురా అన్నట్టు. నేను సారు మాట వానికి ఎన్నడూ చెప్పలే. ఆ పొద్దు గూడ నోరు రాలే. వాడు బ్లేడుతోని కుట్లన్నీ తెంపి, ప్యాంటు తొడుక్కొని పోయిండు. నాయిన సూది డబ్బ తీసి తన మంచం కింద పెట్టుకున్నడు.