టెలిపోర్టర్ (ఇండస్ట్రియల్‌క్రాఫ్ట్ 2)

టెలిపోర్టర్ అనేది మైన్‌క్రాఫ్ట్ వీడియో గేముకు అభిమానులు తయారుచేసిన ఇండస్ట్రియల్‌క్రాఫ్ట్ 2 అనే అదనపు భాగం (మాడ్)లోని ఒక యంత్రం. ఇది ఆటగాడిని, జంతువులను, వస్తువులను ఒక చోటి నుండి మరొక చోటికి క్షణంలో చేరవేస్తుంది. ఇందుకు అయ్యే మూల్యం విద్యుత్తు.

నేపథ్యం

స్వీడన్‌కు చెందిన మొజాంగ్ సంస్థ రూపొందించిన మైన్‌క్రాఫ్ట్ పూర్తిస్థాయి కూర్పు 2011 నవంబరు 18న విడుదలైంది. నిర్ణీత లక్ష్యమేదీ లేకుండా ఆటగాడు తనకు తోచినది నిర్మించుకొనే ఇటువంటి ఆటలను శాండ్‌బాక్స్ ఆటలంటారు. వీటిలో దూరమే సగం ఆట. క్షణకాల ప్రయాణం ఉచితమైతే ఆటగాళ్ళు శ్రమించి వేసుకున్న రైలుమార్గాలు వృథా అవుతాయి. అందువలన మూల ఆటలో సైతం ఎండర్ ముత్యాన్ని విసిరి ప్రయాణించినవారు రెండున్నర హృదయాల ఆరోగ్యాన్ని కోల్పోతారు.

పనిచేయు విధానం

రెండు టెలిపోర్టర్లను ఫ్రీక్వెన్సీ ట్రాన్స్‌మిటర్ అనే చేతిపరికరంతో జతచేయాలి. రెడ్‌స్టోన్ సంకేతం అందగానే యంత్రం పనిచేస్తుంది. తీగ ద్వారా నేరుగా విద్యుత్తు ఇస్తే సరిపోదు, ఎం.ఎఫ్.ఇ., ఎం.ఎఫ్.ఎస్.యు. వంటి నిల్వపెట్టెలను యంత్రానికి ఆనించి ఉంచాలి. శక్తి బయలుదేరే చోట మాత్రమే ఖర్చవుతుంది. తిరిగి రావాలంటే మాత్రం అవతల కూడా నిల్వ ఉండాలి.

శక్తి వ్యయం

శక్తిని ఈయూ అనే ప్రమాణంలో కొలుస్తారు. దూరానికి (బ్లాకులలో) 10 కలిపి, ఆ మొత్తాన్ని 0.7 ఘాతానికి పెంచి, బరువుతోను 5తోను గుణిస్తే వ్యయం వస్తుంది. ఆటగాడి బరువు 1000. సంచిలోని ప్రతి నిండు దొంతరకు 100 చేరుతుంది. ఒట్టి చేతులతో 1000 బ్లాకులు వెళ్ళడానికి సుమారు 6.34 లక్షల ఈయూ కావాలి. మామూలు జనరేటరులో ఒక బొగ్గుకు 4000 ఈయూ వస్తుంది గనుక ఇది దాదాపు 159 బొగ్గులతో సమానం. తొలి కూర్పులలోని ఎం.ఎఫ్.ఇ. సామర్థ్యం 6 లక్షలే. అంటే ఒక్క పెట్టెతో అంత దూరం పోలేము!

ఘాతం ఒకటి కంటే తక్కువ కాబట్టి దూరం పెరిగేకొద్దీ బ్లాకుకు అయ్యే ఖర్చు తగ్గుతుంది. అదే 1000 బ్లాకులను వందేసి చొప్పున పది మజిలీలలో దాటితే 13.4 లక్షలు, అనగా రెట్టింపు పైన అవుతుంది. బరువు విషయంలో ఇటువంటి రాయితీ లేదు. సంచిలోని 36 గడులూ నిండితే బరువు 4600 అవుతుంది, ఖర్చు 29 లక్షలు దాటుతుంది. మనిషి ప్రయాణం సులువు, సరుకు రవాణా ఖరీదు అన్నమాట. ఈ యంత్రం రైళ్ళను పూర్తిగా మూలపడనీయకపోవడానికి ముఖ్య కారణం ఇదే. సంచి బరువును లెక్కించకుండా అమరికలలో మార్చుకొనే వీలున్నది గాని, అప్పుడు ఈ సమతూకం చెడుతుంది.

ఇతర ఆటలలో

2021 ఫిబ్రవరి 2న విడుదలైన వాల్‌హైమ్ ఆటలోని ద్వారాలకు శక్తి అవసరం లేదు. బదులుగా మామూలు నియమాల ప్రకారం రాగి, ఇనుము వంటి లోహాలను, వాటి ఖనిజాలను చెక్క ద్వారం గుండా తీసుకుపోనివ్వరు; వాటిని ఓడ వంటి ఇతర మార్గాలలో తరలించాలి.