పొరల తీపిలో చరిత్ర : తిరామిసు కథ

ప్రాచీనత యనిన మనకు గౌరవము మెండు. ఏదైన వంటకము రుచిగా నున్నచో, అది ఏ రాజుగారి విందులోనో పుట్టినదని చెప్పుకొనుట అన్ని దేశములవారికి అలవాటు. అట్టి కథలలో నిజమెంత, కల్పన యెంత యని తేల్చుటకు చరిత్రకారునికి రెండు సాధనములు గలవు. మొదటిది వ్రాతపూర్వకమైన సాక్ష్యము. రెండవది ఆ వంటకమున పడు పదార్థముల సాక్ష్యము. ఈ రెండవదానిని వినియోగించుటకు కొంత విజ్ఞానశాస్త్రము తెలిసియుండవలెను. నేడు హైదరాబాదు బేకరీలలో కూడ దొరకుచున్న తిరామిసు అను ఇటలీ దేశపు కాఫీ తీపిని తీసికొని, ఈ సాధనములు ఎట్లు పనిచేయునో చూతము. పిమ్మట దానిని మన యింట, ఆరోగ్యమునకు హాని లేకుండ, చేయు విధమును తెలిసికొందము.

ఒకే పేరు, రెండు చరిత్రలు

ఈ పరిశీలనకు తార్నాక ప్రాంతము మంచి పాఠశాల వంటిది. ఇచట ఉస్మానియా విశ్వవిద్యాలయము గలదు. అది 1918లో స్థాపింపబడినది. ఆర్ట్స్ కళాశాల భవనమునకు 1934లో శంకుస్థాపన జరిగినది. 1939లో ప్రారంభోత్సవము జరిగినది. ఈ తేదీలన్నియు కాగితముమీద నున్నవి. ఎవరు అడిగినను చూపవచ్చును.

విశ్వవిద్యాలయపు ద్వారము దాటి ఏదైన ఇరానీ హోటలులో కూర్చున్నచో చాయతోపాటు ఉస్మానియా బిస్కెట్టు వచ్చును. కొంచెము తీపి, కొంచెము ఉప్పు, నోట వేయగనే పొడియగు గుణము దానివి. విశ్వవిద్యాలయమునకు, బిస్కెట్టుకు కూడ 1911 నుండి 1948 వరకు పాలించిన ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాను పేరే వచ్చినది. కాని బిస్కెట్టు పుట్టుక గురించి ఒకరు ఒకటి చెప్పుదురు, వేరొకరు వేరొకటి చెప్పుదురు. ఉస్మానియా ఆసుపత్రిలోని రోగులకొరకు చేసిరని ఒక కథ. నిజాముకు తీపియు ఉప్పును కలిసిన రుచి కావలసి వచ్చినదని మరియొక కథ. రెండును నోటిమాటగా వచ్చినవే. భవనమునకు తేదీ యున్నది. బిస్కెట్టుకు కథ యున్నది. ఈ భేదమును గుర్తించుటయే చరిత్ర పఠనములో మొదటి మెట్టు.

తిరామిసు విషయమునను సరిగా ఇట్లే జరిగినది.

డ్యూకుగారి కథ

తిరామిసు అనగా ఇటాలియను భాషలో "నన్ను పైకి లాగుము" అని అర్థము. నీరసించిన వానిని లేపి కూర్చుండబెట్టునది యని భావము. గ్రుడ్డునురుగుతో చేసిన తేలికైన బిస్కెట్లను చిక్కని కాఫీలో ముంచి ఒక పొరగా పేర్తురు. దానిపై గ్రుడ్డుసొన, చక్కెర, మస్కర్పోనే అను మీగడ జున్ను కలిపిన మెత్తని పొర వేయుదురు. మరల బిస్కెట్లు, మరల మీగడ. అన్నింటిపైన కోకోపొడి చల్లుదురు. పొయ్యి మీద పెట్టరు. చల్లని చోట నుంచి గట్టిపరతురు.

1670 నుండి 1723 వరకు టస్కనీని పాలించిన మూడవ కోసిమో మెడిచి ప్రభువు సియెనా నగరమునకు వచ్చినప్పుడు, అచటి వంటవారు ఆయన గౌరవార్థము దీనిని కల్పించిరని ఒక కథ ప్రచారములో నున్నది. ఈ కథను పదార్థముల చేతనే పరీక్షింతము.

కాఫీ సంగతి చూడుడు. పదునేడవ శతాబ్దిలోనే కాఫీ వెనిస్ నగరమునకు చేరినది. అచటి ఫ్లోరియన్ కాఫీశాల 1720లో తెరువబడి నేటికిని ప్రసిద్ధముగ నున్నది. కావున కాఫీ యొక్కటియే ఈ కథను త్రోసివేయజాలదు.

కోకోపొడి సంగతి వేరు. కోకో గింజలో సగమునకు పైగా క్రొవ్వు గలదు. దానిని నూరినచో ముద్దయగును గాని పొడి కాదు. ఆ క్రొవ్వును యంత్రముతో పిండి, మిగిలిన పిండిని పొడిగా చేయు పద్ధతికి హాలెండు దేశీయుడగు వాన్ హౌటెన్ 1828లో పేటెంటు పొందెను. నేడు తిరామిసుపై చల్లు సన్నని పొడి అంతకు పూర్వము లేదు.

మస్కర్పోనే ఉత్తర ఇటలీలోని లంబార్డీకి చెందినది. నీటి పాలు ఎక్కువ, పులుపు తక్కువ యగుటచే అది శీఘ్రముగ చెడును. పచ్చి గ్రుడ్డుతో కలిసినచో మరింత శీఘ్రముగ చెడును. రాత్రంతయు చల్లగా నుంచనిదే ఈ తీపి గట్టిపడదు. ఇటలీలో సామాన్య గృహములకు రిఫ్రిజిరేటరు వచ్చినది రెండవ ప్రపంచ యుద్ధము తరువాత, 1950, 1960 దశకములలో. ఈ తీపిని ఇంటింటికి చేర్చినది రాజాస్థానము కాదు, శీతలయంత్రము.

వ్రాత సాక్ష్యము కూడ ఇదే చెప్పుచున్నది. ఇటలీ గృహిణుల చేత ఎన్నో ముద్రణలు పొందిన పెల్లెగ్రీనో అర్తూసి పాకశాస్త్ర గ్రంథము 1891లో వెలువడినది. అందు తిరామిసు లేదు. ఈ పేరు వంటల పుస్తకములలో విరివిగా కనబడునది 1980 దశకము నుండియే.

త్రెవీసో, ఫ్రియూలీ

మరి ఎచట పుట్టినది? వెనిస్ సమీపమున త్రెవీసో పట్టణములో లె బెక్కెరీయె అను భోజనశాల యుండెడిది. దాని యజమానులు అదో కంపెయోల్, ఆయన భార్య ఆల్బా. అచటి వంటవాడు రొబెర్తో లింగ్వానొత్తో. వీరి చేతిలో తిరామిసు రూపు దిద్దుకొని 1972లో భోజనశాల పట్టికలోనికి ఎక్కినదని ఆ పట్టణపు వారందురు. వారు దీనికి పేటెంటు తీసికొనలేదు. అందువలననే అది ప్రపంచమంతట వ్యాపించినది. అదో కంపెయోల్ 2021లో 93 ఏండ్ల వయసున మరణించెను.

ప్రక్కనున్న ఫ్రియూలీ ప్రాంతమువారు దీనికి ఒప్పుకొనరు. తోల్మెత్సో అను ఊరి హోటలులో నోర్మా పియెల్లీ అను ఆమె 1950 దశకముననే దీనిని వడ్డించెనని వారి వాదము. 2017లో ఇటలీ వ్యవసాయ మంత్రిత్వశాఖ తిరామిసును ఫ్రియూలీ ప్రాంతపు సాంప్రదాయిక ఆహారముల పట్టికలో చేర్చగా వెనిస్ ప్రాంతమువారు గట్టిగా అభ్యంతరము చెప్పిరి. తగవు ఎట్లు తీరినను ఒక సంగతి స్పష్టము. దీని వయస్సు శతాబ్దులు కాదు. ఉస్మానియా ఆర్ట్స్ కళాశాల భవనముకంటె ఇది చిన్నది.

అయినను దీనికి ఒక పాత వేరు గలదు. గ్రుడ్డుసొనను చక్కెరతో తెల్లబడువరకు గిలకొట్టి బాలింతలకు, రోగులకు, ముసలివారికి ఇచ్చుట వెనిస్ ప్రాంతపు పాత అలవాటు. దానిని వారు స్బతుదీన్ అందురు. మన యిండ్లలోను బలమునకని పచ్చి గ్రుడ్డును పాలలో కొట్టి త్రాగించు అలవాటు ఉండెడిది. బీదవాని టానిక్కు నుండియే హోటలు తీపి పుట్టినదని చెప్పవచ్చును.

పచ్చి గ్రుడ్డు ప్రశ్న

ఇచట మరల తార్నాకకు రావలెను. విశ్వవిద్యాలయమును ఆనుకొని జాతీయ పోషకాహార సంస్థ యున్నది. చిత్రమేమనగా దీని పుట్టుకయు 1918లోనే. కూనూరులో రాబర్టు మెక్కారిసన్ బెరిబెరి వ్యాధిని పరిశోధించుటకై నెలకొల్పిన చిన్న విభాగము ఇది. 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో ఇప్పటి పేరు పొందినది. ఆహారమునకు రుచి యొక్కటే కొలత కాదని దేశమునకు నేర్పిన సంస్థలలో ఇది ముఖ్యమైనది.

పచ్చి గ్రుడ్డు బలమను నమ్మకమును పోషకాహార శాస్త్రము సమర్థించదు. పచ్చి తెల్లసొనలో అవిడిన్ అను మాంసకృత్తు గలదు. అది బయోటిన్ అను విటమినును పట్టుకొని శరీరమునకు అందనీయదు. వేడి తగిలినచో అవిడిన్ తన గుణము కోల్పోవును. ఉడికిన గ్రుడ్డులోని మాంసకృత్తులు పచ్చిదానికంటె బాగుగ జీర్ణమగును.

దీనికంటె పెద్ద ప్రమాదము సాల్మొనెల్లా అను సూక్ష్మజీవి. ఇది పెంకుపైననే కాదు, కొన్ని వేళల గ్రుడ్డు లోపల కూడ నుండును. 1980 దశకములో ఐరోపా, అమెరికాలలో గ్రుడ్ల ద్వారా ఈ వ్యాధి విస్తారముగ వ్యాపించినది. మన నగరమునకును ఇది దూరపు సంగతి కాదు. ఆహారము విషమించిన సంఘటనల తరువాత, తెలంగాణ ప్రభుత్వము 2024 అక్టోబరు 30న పచ్చి గ్రుడ్డుతో చేయు మయొనైజు తయారీని, నిలువను, అమ్మకమును ఒక సంవత్సరముపాటు నిషేధించినది. మయొనైజులో నున్న పచ్చిసొనయే పాత పద్ధతి తిరామిసులోను ఉన్నది.

రెండవ ప్రమాదము చల్లదనము తప్పుట. 1996లో ఇటలీలో మస్కర్పోనే తిన్నవారిలో 8 మందికి బాట్యులిజము అను పక్షవాతము వంటి వ్యాధి వచ్చినది; ఒకరు మరణించిరి. చేసిన చోటినుండి అమ్ముచోటి వరకు చల్లదనము ఎడతెగకుండ నుండకపోవుటయే కారణమని పరిశోధకులు భావించిరి. ఈ సూక్ష్మజీవి బీజములు మరిగించినను చావవు; గోరువెచ్చని చోట మొలకెత్తి విషమును పుట్టించును. చల్లదనమే దీనికి కాపలా.

ఇంట చేయు విధము

ఈ రెండు ప్రమాదములను తప్పించుచు ఆరుగురికి సరిపడు తిరామిసు చేయవచ్చును.

మొదట జున్ను. అర లీటరు తాజా మీగడను, అనగా 25 శాతము క్రొవ్వు గల క్రీమును, గిన్నెలో పోసి సన్నని మంటపై 85 డిగ్రీల సెంటిగ్రేడు వరకు వేడిచేయవలెను. ఒక పెద్ద చెంచాడు నిమ్మరసము చేర్చి ఐదు నిమిషములు మెల్లగా కలుపవలెను. వేడికి పాలలోని మాంసకృత్తులు తమ రూపు విడుచును. పులుపు వాటిని ఒకదానికొకటి అంటుకొనజేయును. ఆ వలలో క్రొవ్వు బిందువులు చిక్కుకొనును. పాలు విరిగి పన్నీరగుటకును కారణమిదే. కాని ఇచట క్రొవ్వు అధికము కనుక గట్టిముక్క కాక వెన్నవంటి ముద్ద వచ్చును. చల్లార్చి, కాచి ఆరవేసిన పలుచని గుడ్డలో వడగట్టి, రాత్రంతయు రిఫ్రిజిరేటరులో నుంచవలెను.

రెండవది సొన. మూడు పచ్చసొనలను 75 గ్రాముల చక్కెరతో ఒక గిన్నెలో వేసి, దానిని మరుగు నీటి గిన్నెపై ఆవిరి తగులునట్లు పెట్టి, ఎడతెగక గిలకొట్టవలెను. తిండి ఉష్ణమాపకముతో చూచుచు 71 డిగ్రీలు దాటనీయవలెను. ఆ వేడికి సాల్మొనెల్లా నశించును. ఉత్త సొన 65, 70 డిగ్రీల మధ్య గడ్డకట్టును. చక్కెర కలిసినచో ఆ హద్దు కొంత పైకి జరుగును. కావున గిలకొట్టుట మాననంత వరకు సొన ముక్కలు కట్టదు. ఇది చల్లారిన తరువాత జున్నుతో కలుపవలెను. నురుగు కొరకు పచ్చి తెల్లసొనకు బదులు నూరు మిల్లీలీటర్ల చల్లని క్రీమును గిలకొట్టి చేర్చుట క్షేమము.

మూడవది కాఫీ. ఇటలీవారు యంత్రపు ఒత్తిడితో తీసిన ఎస్ప్రెస్సో వాడుదురు. మన ఫిల్టరులో భూమ్యాకర్షణ చేతనే దిగు డికాక్షను దానికి దీటైనదే. చికోరీ లేని పొడి మంచిది. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు కాఫీపొడి దొరకినచో మరియు మేలు. చిక్కని డికాక్షను రెండు వందల మిల్లీలీటర్లు చాలును, చల్లార్చి వాడవలెను.

నాలుగవది బిస్కెట్టు. ఉస్మానియా బిస్కెట్టు దీనికి పనికిరాదు. అందలి వెన్న పిండిరేణువుల మధ్య చేరి వాటిని గట్టిగా అతుకనీయదు. కాఫీలో ముంచగనే విడిపోవును. ఇటలీవారి సవొయార్దీ బిస్కెట్టులో వెన్న లేదు. గ్రుడ్డునురుగు మిగిల్చిన సన్నని రంధ్రములున్నవి. దీపపు వత్తిలోనికి నూనె ప్రాకినట్లు ఆ రంధ్రములలోనికి కాఫీ ప్రాకును. గోడలు మాత్రము నిలుచును. అది దొరకనిచో మన రస్కు మంచి ప్రత్యామ్నాయము. వేయించిన రొట్టె పాలను పీల్చుకొని డబుల్ కా మీఠా అగుటయు ఈ సూత్రము చేతనే.

రస్కును ఒకటి రెండు సెకనులు మాత్రమే ముంచి పేర్చి, మీగడ పొర వేసి, మరల అట్లే చేసి, కోకో చల్లి, 4 డిగ్రీల చలిలో ఆరు గంటలైన నుంచవలెను. వడ్డించునపుడే బయటికి తీయవలెను. రెండు దినములలో ముగింపవలెను. కరెంటు గంటల తరబడి పోయినచో దానిని దాచుకొనక పారవేయుటయే మంచిది.

తరగతిలో ఒక ప్రయోగము

ఉపాధ్యాయులు దీనినుండి తేలికైన పాఠము చెప్పవచ్చును. ఒక రస్కును, ఒక ఉస్మానియా బిస్కెట్టును తూచి, చల్లని నీటిలో రెండు సెకనులు ముంచి మరల తూచినచో, ఏది తన బరువులో ఎన్నవ వంతు నీరు పీల్చినదో విద్యార్థులే లెక్కింపగలరు. అట్లే తమ ఊరి మిఠాయి యొకదానిని ఎన్నుకొని దాని పుట్టుక గురించి పెద్దలు చెప్పు కథను వ్రాసికొనవలెను. పిమ్మట ఆ మిఠాయిలో పడు ఒక్కొక్క పదార్థము మన ప్రాంతమునకు ఎప్పుడు వచ్చినదో విచారింపవలెను. మిరపకాయ, బంగాళాదుంప, జీడిపప్పు మొదలగునవి పోర్చుగీసువారి రాకకు ముందు మన దేశమున లేవని తెలియగనే ఎన్నో రాజుల కథలు సడలిపోవును. కథ సడలినంత మాత్రమున రుచి తగ్గదు. దానిని మనకు అందించిన వారు రాజులు కాక వంటవారు, పాలవారు, రేవులలోని వర్తకులు, ప్రయోగశాలలలోని పరిశోధకులు అని తెలియును.