త్రుప్పునుండి పుట్టిన విద్య

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల పెద్దలారా! విజయవాడ ఆకాశవాణి కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన వెలసినది. తరువాత ట్రాన్సిస్టరు రేడియోలు మన యరుగులమీదికి వచ్చినవి. పెట్టెను ఒకవైపునకు త్రిప్పిన ధ్వని హెచ్చుటయు, వేఱొకవైపునకు త్రిప్పిన తగ్గుటయు మీరెఱుగుదురు. బడిపంతులునై యుండగా నేను పెట్టె విప్పి పిల్లలకు దానికి కారణమైన నల్లని కడ్డీని చూపెడివాడను. అది ఫెర్రైటు. ఇనుపత్రుప్పును ఇతర లోహభస్మములతో గలిపి, కుమ్మరి కుండను గాల్చినట్లు కాల్చిన నిది సిద్ధించును. 1930లో టోకియో నగరమున కాటో, టకేయి యనువారు ఈ విద్యకు నాంది పలికిరి.

కథ యంతటితో ముగియలేదు. ఫెర్రైటు అయస్కాంతమునకు లోబడును. బేరియం టైటనేటు అను పింగాణి, ఒత్తినచో విద్యుత్తును పుట్టించును. ఈ రెంటిని కలిపిన నేమగును? 1972లో హాలండు దేశపు ఫిలిప్స్ పరిశోధనాలయమున వాన్ సుఖ్టెలెన్ ఈ మార్గమును జూపెను. అయస్కాంతబలము సోకగా ఫెర్రైటు కించిత్తు ఆకారము మార్చుకొనును. ఆ యొత్తిడి ప్రక్కనున్న పింగాణికి తగిలి విద్యుత్తు పుట్టును. ఒంటరిగా నున్నప్పుడు ఈ గుణము రెంటిలో దేనికిని లేదు. సూక్ష్మమైన అయస్కాంతబలమును పసిగట్టుటకిది యుపకరించును.

మన తెలుగునేలయు వెనుకబడలేదు. హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయపు సూర్యనారాయణగారు 1994లో ఈ విషయముపై సమీక్షావ్యాసము ప్రకటించిరి.

చిక్కంతయు పాళ్లలోనే యున్నది. ఫెర్రైటు మితిమీరినచో పుట్టిన విద్యుత్తు దానిగుండ జాఱిపోవును. కొఱవడినచో ఒత్తిడి చాలదు. సున్నమును ఇసుకయు పాలెఱిగి కలిపినగాని గోడ నిలువదని మన తాపీవారు చెప్పుమాట యిచ్చటను చెల్లుచున్నది.