గోదావరి అడవుల్లో కుక్క ధైర్యం

ఖమ్మం మైదానం ముగిసి భద్రాచలం అడవి మొదలయ్యే ప్రాంతంలో, కిన్నెరసాని, శబరి, గోదావరి నదుల చుట్టూ ఉన్న కోయ, కొండరెడ్డి గూడేలలో కుక్క ప్రధానంగా పనితోడు: వేటలో వెంట నడిచేది, పోడు చేను కాచేది, రాత్రివేళ ఇంటిముందు అలికిడి పసిగట్టేది. భద్రాచలం తాలూకా 1860లో నిజాం చేతినుంచి బ్రిటిషువారికి దక్కి, 1874లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో కలిసి, 1959లో ఖమ్మం జిల్లాకు చేరింది. ఇన్ని పాలనలు మారినా కుక్కకు అప్పగించిన ఈ మూడు పనులు మాత్రం చాలాకాలం మారలేదు. బెదురు కుక్క ఈ మూడింటిలో దేనికీ అక్కరకు రాదు కనుక, దానికి ధైర్యం అలవరచడం ఇక్కడ సరదా కాదు, బతుకు అవసరం.

ఈ పనుల్లో అన్నిటికంటే ప్రమాదకరమైనది వేట. వానలకు ముందు, విత్తనం చల్లే కాలంలో కోయలు జరుపుకునే భూమి పండుగలో మగవారు అడవికి వేటకు వెళ్లడం ఆచారం. వట్టి చేతులతో తిరిగివచ్చిన వారిపై ఆడవారు పేడనీళ్లు చల్లి ఎగతాళి చేయడం కూడా ఆ ఆచారంలోదే కనుక, వేట ఫలితం గూడెం పరువుతో ముడిపడి ఉండేది. అడవిపంది ఎదురుతిరిగితే కోరతో కుక్క కడుపును చీల్చగలదు. అలా గాయపడిన కుక్క, ఒక్కొక్కప్పుడు తోటి కుక్క గాయపడగా చూసిన కుక్క సైతం, ఆ తర్వాత పంది వాసన సోకగానే చెవులు వెనక్కి వాల్చి, తోక కాళ్ల మధ్య ముడిచి, యజమాని కాళ్ల వెనక్కి చేరుతుంది. ఒకసారి ఇలా విరిగిన మనసును కొట్టి, తిట్టి బాగుచేయడం సాధ్యం కాదు. కొడితే పంది భయానికి మనిషి భయం తోడవుతుంది. అందుకే వేటకుక్కలతో బతికిన అనేక సమాజాల్లో లేతకుక్కను అనుభవమున్న కుక్కల వెనక నడిపించి, మొదట ఉడుము, కుందేలు వంటి చిన్న జంతువుల జాడ పట్టనిచ్చి, ఆ తర్వాతే పెద్ద మృగం దగ్గరికి తీసుకువెళ్లే పద్ధతి కనిపిస్తుంది. భయపెట్టే దానిని, భయం పుట్టనంత దూరంలో, తక్కువ మోతాదులో మొదలుపెట్టి మెల్లగా దగ్గర చేయడాన్ని నేటి జంతుప్రవర్తన శాస్త్రం క్రమ పరిచయం అంటుంది. దానితోపాటే ఇష్టమైన తిండినో ఆటనో జతచేసి, భయహేతువే మంచికి సూచనగా తోచేటట్లు మార్చడం దానికి తోడుగా నడిచే రెండో పద్ధతి.

ధైర్యానికి పునాది పడేది అంతకుముందే. అమెరికాలో మెయిన్ రాష్ట్రంలోని జాక్సన్ ప్రయోగశాలలో ఏళ్లతరబడి కుక్కలను పరిశీలించిన జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్, 1965లో వెలువరించిన గ్రంథంలో, పుట్టిన మూడో వారం నుంచి సుమారు పన్నెండో వారం వరకు కుక్కపిల్ల మనుషులతోనూ తోటి ప్రాణులతోనూ చెలిమి నేర్చుకునే కాలమని, ఆ కాలంలో మనిషిని చూడని పిల్ల పెద్దయ్యాక మనిషిని చూస్తే బెదిరిపోతుందని నిరూపించారు. ఇంటి అరుగుకింద పుట్టి, పిల్లల చేతుల్లో, కోళ్ల మధ్య, ఇప్పపువ్వు ఆరబోసిన వాకిట్లో తిరుగాడుతూ పెరిగే గూడెం కుక్కపిల్లకు ఈ చదువు ఎవరూ ప్రత్యేకంగా చెప్పనక్కరలేకుండానే అబ్బుతుంది. నగరంలో నాలుగు గోడల మధ్య ఒంటరిగా పెరిగిన జాతికుక్కకంటే నాటుకుక్క చాలా సందర్భాల్లో నిబ్బరంగా కనిపించడానికి జాతి ఒక్కటే కారణం కాదు, ఈ పెంపకం కూడా కారణమే.

ఇక వేట విషయానికి వస్తే, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం జంతువును చంపడాన్నే కాక తరమడాన్ని, ఉచ్చు పన్నడాన్ని కూడా వేటగానే పరిగణించింది. 1977లో కిన్నెరసాని అభయారణ్యం ఏర్పడింది. వన్యమృగాల మనుగడకు ఈ చట్టం అవసరమే, అయితే దానితోపాటు లేతకుక్క పెద్దకుక్కల వెంట నడిచి ధైర్యం నేర్చుకునే బడి కూడా మూతపడింది. చేనుకాపలా మిగిలింది గాని, పందుల కోసం దొంగచాటుగా పరిచే కరెంటు తీగలు, నాటుబాంబులు ఆ పనిని మునుపటికంటే ప్రాణాంతకం చేశాయి.

ఇదే అడవిలోకి తర్వాతి కాలంలో మరో రకం కుక్క వచ్చింది. మావోయిస్టులు పాతిన మందుపాతరలను వాసనతో గుర్తించే పోలీసు జాగిలానికి, అంటే శిక్షణ పొందిన కుక్కకు, వాసన నేర్పడం ఎంత ముఖ్యమో పేలుడు శబ్దానికి, హెలికాప్టరు హోరుకు, కొత్త మనుషులకు బెదరకుండా చేయడం అంతే ముఖ్యం. అది కూడా దూరపు చప్పుడుతో మొదలై, ఆటబంతి ఆశచూపుతూ, శిక్షకుడి తోడుతోనే సాగుతుంది. ఒకప్పుడు ఖమ్మం జిల్లాలోనిదే అయిన వెంకటాపురం వైపు, తెలంగాణ, ఛత్తీస్‌గఢ్ సరిహద్దున ఉన్న కర్రెగుట్టల్లో, 2025 ఏప్రిల్ 27న కేంద్ర రిజర్వు పోలీసు దళానికి చెందిన రోలో అనే రెండేళ్ల బెల్జియన్ మాలినాయ్ ఆడకుక్క తేనెటీగల దాడిలో చనిపోయింది. శిక్షకులు దానిపై పాలిథిన్ పట్టా కప్పినా ఈగలు లోపలికి దూరాయి, నొప్పికి తాళలేక అది పట్టాను తొలగించుకుంది, సుమారు రెండు వందల కాట్లు పడ్డాయి. ఎంత శిక్షణ పొందిన జాగిలమైనా నొప్పికి అతీతం కాదు కనుక, ఆ కుక్క చివరి క్షణాల పెనుగులాటను పిరికితనంగా ఎవరూ లెక్కించలేదు, లెక్కించకూడదు కూడా.

పేలుడుకంటే, పందికంటే ఎక్కువ కుక్కలను ఒకేసారి భయపెట్టగలిగేది ఈ సీమలో గోదావరి వరదే. భద్రాచలం వద్ద మట్టం 53 అడుగులకు చేరితే మూడో ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు. 1986 ఆగస్టులో అది 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు చేరింది. వరద కుక్క మనసును ఏం చేస్తుందో శాస్త్రానికి తెలిసింది కూడా ఒక నది పొంగినందువల్లనే. 1924 సెప్టెంబరులో లెనిన్‌గ్రాడ్‌లో నీవా నది పొంగి శాస్త్రవేత్త ఇవాన్ పావ్లోవ్ కుక్కలశాలను ముంచెత్తగా, నీటిలో చిక్కిన కుక్కలను సిబ్బంది ఈదించి బయటకు తెచ్చారు. ప్రాణాలు దక్కినా కొన్ని కుక్కలు అంతకుముందు నేర్చినదంతా కోల్పోయాయి. స్పెరాన్‌స్కీ అనే పరిశోధకుడి సంరక్షణలోని ఒక కుక్క ఒంటరిగా ఉంచితే తిండి కూడా ముట్టేది కాదు. ఆయన గదిలో కూర్చుంటే మామూలుగా ప్రవర్తించేది. ఆయన బదులు ఆయన దుస్తులను కనబడకుండా గదిలో ఉంచినా, ఆ వాసనతోనే దాని బెదురు తగ్గింది. అలా కోలుకున్న తర్వాత కూడా, తలుపు కిందినుంచి సన్నగా నీళ్లు పారించేసరికి పాత భయం మళ్లీ తలెత్తింది.

గోదావరి ముంపు గ్రామాల వారు పునరావాస కేంద్రాలకు తరలినప్పుడు వెనక ఉండిపోయిన కుక్కకు నీరు, ఆకలి, యజమాని లేమి మూడూ ఒక్కసారే ఎదురవుతాయి. ఇల్లు చేరిన యజమాని దానిని ఈడ్చుకుంటూ రేవుకు తీసుకువెళ్లే బదులు, కొన్నాళ్లు తన పక్కనే పడుకోనిచ్చి, నీరు కనిపించినా వణుకు పుట్టనంత ఎడంలో తిండి పెట్టి, అది తనంతట ముందుకు వేసిన అడుగునే లెక్కలోకి తీసుకుంటే, కొన్ని వారాలకో నెలలకో ఆ కుక్క మళ్లీ ఏటిగట్టు మీదుగా చేనుకు వెంటరాగలుగుతుంది. తర్వాతి ఏడు ఆషాఢంలో నది ఎర్రబారి పొంగినప్పుడు ఆ పనిని మళ్లీ మొదటినుంచి చేయవలసి రావచ్చు.